తరుగు

పడిశం పది రోగాల పెట్టు అంటారు గానీ, మా కోసిగిలో దాన్ని రోగాల పద్దులోనే వేయరు. జ్వరమొస్తే మంచమెక్కుతారు, వాంతులైతే ఆటో ఎక్కుతారు. ముక్కు కారితే మాత్రం భుజం మీద తువ్వాలుంది కదా అంటారు. ఆ తువ్వాలు కూడా చేతులెత్తేశాక నా దగ్గరికి వస్తారు.

నాది మెడికల్ షాపు. నేను డాక్టర్ని కానని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది, వినేవాళ్ళకు మాత్రం రాలేదు. "డాక్టరు కాడికి పోవల్లనా అన్నా, నువ్వే ఏమన్నా ఇస్తావా?" అంటారు. వినడానికి ప్రశ్నలా ఉంటుంది గానీ అది బేరం. డాక్టరంటే ఫీజు. ఆదోనికో ఎమ్మిగనూరుకో పోవాలంటే చార్జీలు, పైన ఒకరోజు కూలి. సర్కారు ఆస్పత్రిలో ఫీజు లేదు నిజమే, కానీ పొద్దున పోయి వరసలో నిలబడితే ఆ రోజు పని పోయినట్టే. నేనైతే నిలబడ్డ చోటే రెండు మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాను. అప్పు కూడా పెడతాను.

అప్పు పెట్టేవాడి మాట ఎవరైనా వింటారు. ఆ ధైర్యంతో నేను చెప్పాల్సింది చెబుతూనే ఉంటాను. పడిశం తెచ్చే వైరస్‌లు 200 పైచిలుకు ఉన్నాయి, యాంటీబయాటిక్ వాటిలో ఒక్కదాని వెంట్రుక కూడా పీకలేదు, కాబట్టి "ఆ పెద్ద మాత్ర ఇయ్యి" అని అడగొద్దు. వారం పది రోజుల్లో అది వచ్చిన దారినే పోతుంది. దగ్గు ఇంకొన్నాళ్ళు గొంతు పట్టుకుని వేలాడుతుంది. అంతవరకు ఉప్పునీళ్ళు పుక్కిలించు, ఆవిరి పట్టు, ఒళ్ళునొప్పులుంటే పారాసిటమాల్, ముక్కు ఆగకుంటే రాత్రికొక సెట్రిజిన్. ఇంట్లో అవ్వ పెట్టే శొంఠి కషాయం, మిరియాల పాలు నేను వద్దనను. నా వ్యాపారానికి కాస్త దెబ్బే గానీ గొంతుకు హాయి. మా నాన్న కాలంలోనైతే అన్నిటికీ అమృతాంజనమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ మందు మీద వచ్చిన డబ్బే తర్వాత ఆంధ్రపత్రికను నిలబెట్టింది. తలనొప్పి వల్ల తెలుగుజాతికి ఇంత మేలు జరిగిన సందర్భం ఇంకొకటి ఉందనుకోను.

రెండు వారాలు దాటినా దగ్గు పోకపోతే మాత్రం నా దగ్గర బేరం బంద్. పొద్దుగూకేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కళ్ళెలో నెత్తురు చార, వీటిలో ఏది చెప్పినా మాత్ర అమ్మను, ఆస్పత్రికి పొమ్మంటాను. తెమడ పరీక్ష అక్కడ ఊరికే చేస్తారు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, అందులో కోసిగికి మినహాయింపు ఎవరూ రాసివ్వలేదు.

ఇంత చెప్పినా, మా దగ్గర పడిశం ఎప్పటికి తగ్గాలో డాక్టరు చెప్పడు, నేనూ చెప్పను. సుగ్గి చెబుతుంది.

సుగ్గి అంటే ఏమిటో కోస్తావాళ్ళకు తెలియకపోవచ్చు, వాళ్ళ మిరప చేలకు మాత్రం బాగా తెలుసు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఈ పడమటి మండలాల్లో వాన పడితేనే బువ్వ. పక్కనే తుంగభద్ర పారుతుంటుంది, దాని నీళ్ళు అన్ని చేలకూ ఎక్కవు. ఇక్కడ పత్తి తీయడం అయిపోగానే ఇంటికి తాళమేసి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. అదే సుగ్గి. ఐచర్ బండిలో కింద బియ్యం మూటలు, గిన్నెలు, పైన మనుషులు, మధ్యలో ఎక్కడో పిల్లలు. ఉగాదికి గానీ తిరిగి రారు. అంతవరకు తాళం చెవులు ముసలోళ్ళ మొలతాడుకు వేలాడుతుంటాయి. బడిలో హాజరు పట్టీ నిండా పేర్లుంటాయి, బెంచీల మీద పిల్లలుండరు.

ప్రతి బండికీ ఒక మేస్త్రి. అడ్వాన్సు ఇచ్చేదీ, బండి మాట్లాడేదీ, అక్కడి రైతుతో రేటు కుదిర్చేదీ, సాయంత్రం కాయ తూకం వేసేదీ అతనే. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట తూకమే దేవుడు. ఆ దేవుడికి పూజారి మేస్త్రి. తడి అనో, తాలు అనో, సంచి బరువు అనో సంచికింత తరుగు కోస్తాడు. ఉగాది అయ్యాక నా అప్పు తీర్చడానికి వచ్చినవాళ్ళు ముందు ఈ తరుగు కథంతా చెప్పి, తర్వాతే డబ్బు తీస్తారు. "ఈ తూకం సరిగ్గా ఉందా మేస్త్రన్నా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారట. "నమ్మకం లేకుంటే నువ్వే ఎక్కి చూసుకో" అని మేస్త్రి రోజూ అదే జవాబు చెబుతాడట.

ఇప్పుడు చెప్పబోయే మనిషి అట్లాంటి ఒక బండికి అడ్వాన్సు తీసుకున్నవాడు. పేరు చెప్పను. మా వైపు ఉరుకుంద ఈరన్నస్వామి పేరు పెట్టుకోని ఇల్లుండదు కాబట్టి చెప్పినా మీకు ఎవరో అంతుబట్టదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కోతకు పోతారు. మేస్త్రుల లెక్కలో దాన్ని జత అంటారు. నాలుగో తరగతి చదివే కూతురొకతి. ఆ పిల్ల ఏటా సంక్రాంతి దాకా బళ్ళో, తర్వాత మిరపచేలో.

2024 డిసెంబరులో అతనికి పడిశం పట్టింది. ఆ చలికి ఊళ్ళో సగం మందికి పట్టింది. అందరికీ పోయింది, అతని దగ్గు మాత్రం పోలేదు. పొడి దగ్గు, కుక్కి మంచంలా కిర్రుమనేది. మొదట సెట్రిజిన్ తీసుకున్నాడు. తర్వాత సిరప్. మూడోసారి వచ్చినప్పుడు నేను సీసా బల్ల మీద పెట్టలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై దినాలు పైనే అయిండాది."

"ఆస్పత్రికి పో."

"పోతే ఏమంటారు?"

"పరీక్ష చేస్తారు. ఉంటే ఉందంటారు, లేకుంటే లేదంటారు."

అతను కాసేపు ఆలోచించాడు. "ఉందంటే మేస్త్రి నన్ను బండెక్కనీడు. తీసుకున్న అడ్వాన్సు ఎట్ల కట్టల్ల? లేదంటే, ఒట్టి పున్యానికి ఒక దినం కూలి పాయె. ఎట్ల చూసినా నాకే గదన్నా నష్టం?"

నేను బీకాం చదివి తర్వాత ఫార్మసీ చేసినవాణ్ణి. ఈ లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

అంతలో బల్ల చుట్టూ నలుగురు చేరారు. మా షాపులో జబ్బుమనిషి ఒకడైతే డాక్టర్లు నలుగురు. నాటుకోడి చారులో మిరియాలు దంచి తాగమని ఒకాయన. ఉలవకట్టు తాగితే ఏనుగుకైనా పడిశం పోతుందని ఇంకొకాయన. "గుంటూరు కాయ ఘాటుకు ఈ పడిశం ఒక లెక్కనా? చేన్లో దిగిన దినమే పారిపోతాది" అన్నాడు మూడో ఆయన. ఆ మూడో ఆయనే మేస్త్రి. విక్స్ బిళ్ళలకు వచ్చాడు. మనిషి బలంగా, నిండుగా ఉంటాడు. పొద్దున బీడీ ముట్టించి ఒక దగ్గు దగ్గాడంటే నా షట్టరు అదురుతుంది, గడియారం చూసుకోనక్కర్లేదు. ఊరంతా దాన్ని బీడీ దగ్గు అంటుంది, ఆయన కూడా అదే అంటాడు.

"మొగుడు రాకుంటే పెళ్ళాం రాదు. నాకు పోయేది ఇద్దరు కాదు, నాలుగు చేతులు" అని నాకు పక్కకొచ్చి చెప్పాడు. "నువ్వు ఊరికే వాణ్ణి బెదిరిచ్చొద్దు."

అసలు అతన్ని పట్టుకున్నది ఆశా కార్యకర్త. ఊరంతా ఆశమ్మ అనే పిలుస్తారు. ఇంటింటికీ తిరిగి దగ్గేవాళ్ళను వెతుకుతోంది. నా షాపు ముందరే దొరికాడు, దగ్గుతూ. సంచీలోంచి మూతున్న చిన్న డబ్బీ తీసి చేతిలో పెట్టింది. "రేపు పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి కళ్ళె తీసి దీంట్లో వెయ్యి. ఉమ్మి కాదు, కళ్ళె. తెలిసిందా?"

తెలియలేదు. మరునాడు తెచ్చిన డబ్బీని ఆశమ్మ వెలుతురుకు పెట్టి చూసి, నా బల్ల మీదే తిప్పి ఇచ్చేసింది. నీళ్ళలా తేటగా ఉంది. "ఇది ఉమ్మి నాయనా. నాకు కళ్ళె కావల్ల."

"వస్తే గదా ఇచ్చేది. గీరి గీరి గొంతు పుండాయె" అన్నాడు అతను.

పక్కన మేస్త్రి పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు రోడ్డు పక్కన కాలవలోకి పోయింది.

ఆ మర్నాడు మాత్రం డబ్బీ చూసి ఆశమ్మ మొహం వెలిగింది. సగానికి పైగా చిక్కగా, పచ్చగా ఉంది. "ఇట్లుండల్ల!" అని మూత బిగించి తీసుకుపోయింది.

ఇప్పుడు పరీక్షలకు వెనకటిలా వారాలు పట్టవు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ మిషను గంటల్లో తేల్చేస్తుంది. 1882 మార్చి 24న రాబర్ట్ కోక్ క్షయ సూక్ష్మజీవిని బెర్లిన్‌లో లోకానికి చూపించినప్పుడు దాన్ని కనిపెట్టడం ఒక యజ్ఞం. ఇవాళ మామూలు టెక్నీషియను టీ తాగి వచ్చేలోపు మిషను దాని పని అది చేసుకుంటుంది. తేలిందేమిటంటే, ఉంది.

బజారులో ఆ మాట నాకన్నా ముందే తిరిగింది. టీ కొట్టులో అతనికి గాజు గ్లాసు ఆగిపోయి కాగితం కప్పు మొదలైంది. ఒకే చుట్ట పంచుకున్న బావమరిది నాలుగు మూరల దూరం నిలబడి పలకరించాడు. మందు మొదలుపెట్టి కొన్ని వారాలైతే ఇతరులకు అంటుకునే ప్రమాదం బాగా తగ్గుతుందని నేను బల్ల గుద్ది చెప్పాను. బల్ల అరిగింది గానీ కాగితం కప్పు మారలేదు.

ఆశ్చర్యపరిచింది మేస్త్రి ఒక్కడే. సంచికి కిలో వదలని మనిషి అడ్వాన్సు సంగతి ఎత్తలేదు. "పోనీలే పాపం, బతికుంటే ఎప్పుడో తీరుస్తాడు" అన్నాడు. నిద్రలేని మొహంతో ఉన్నాడు. మనిషన్నాక ఏదో ఒక మూల మెత్తగా ఉంటాడని నేను అనుకున్నాను.

మాత్రలు వచ్చిన రోజు ఆశమ్మ అతన్ని నా షాపులోనే కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఆస్పత్రిలో తూచారు, 46 కిలోలు. నమ్మకం లేక నా బరువు మిషను కూడా ఎక్కించింది. అక్కడా 46. "నీ బరువుకు దినానికి 3 మాత్రలు. 6 నెలలు. బాగయింది కదా అని నడిమధ్యన మానితే చంపుతా. ఖాళీ అట్టలు పారెయ్యొద్దు, నాకు చూపియ్యల్ల. ఇంగోటి, ఒంటికి పోతే ఎర్రగా పోతాది. ఆ మాత్రల రంగే అది. నెత్తురనుకొని భయపడొద్దు." ఎరుపు సంగతి రెండుసార్లు చెప్పింది. చాలామంది అది చూసే మానేస్తారట. అతను బుద్ధిగా తలూపాడు. ఇంట్లో పెళ్ళానికీ పిల్లకూ కూడా పరీక్ష చేశారు, ఎవరికీ లేదు.

సంక్రాంతి పోయింది. బండ్లు కదిలాయి. మేస్త్రి తన గుంపును తీసుకొని గుంటూరు వైపు పోయాడు. ఈ ఇల్లొక్కటి తాళం పడకుండా మిగిలింది.

తర్వాత చూసింది నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. పది రోజుల్లో అతని దగ్గు మాయం. క్షయ మందు పనిచేస్తుందని తెలుసు గానీ ఇంత తొందరగా పనిచేయడం ఎరగను. కూతురు రోజూ నా షాపు ముందు నుంచే బడికి పోయేది. మిగతా పిల్లలు మిరపచేలో ఉంటే ఈ పిల్ల ఫిబ్రవరిలో ఎక్కాలు అప్పజెప్పింది. పోషణ కోసం సర్కారు వేసే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 500 కాదు, 1,000. అది బ్యాంకు ఖాతాలో పడింది. ఇంట్లో గుడ్లు ఉడికాయి. వారానికోసారి వచ్చి నా మిషను ఎక్కి, ముల్లు చూసి మురిసిపోయేవాడు. 47, 48. ఊళ్ళో ఉగాదికి ముందు మెడికల్ షాపు అప్పు తీర్చినవాడు ఎవడూ లేడు. ఇతను జనవరి చివర్లోనే తీర్చాడు, వంద నోట్లతో. రోగమొచ్చి బాగుపడిన మనిషిని చూడటం నాకు అదే మొదలు.

ఆశమ్మకైతే అతని మీద ముచ్చట ఇంతా అంతా కాదు. "ఒక్క అట్ట తక్కువ కాకుండా లెక్క చూపిస్తాడన్నా. చదువుకున్నోళ్ళు కూడా ఇంత సక్కగా మింగరు" అని అందరికీ ఆదర్శంగా చెప్పుకొచ్చింది.

మేస్త్రి మధ్యమధ్యలో ఊరికి వచ్చిపోతుండేవాడు, ఇంకా మనుషులు కావాలని. రెండు రోజులుండి, ఆ ఇంటికొకసారి పోయి పలకరించి, మళ్ళీ బండెక్కేవాడు. జబ్బుమనిషిని అన్నిసార్లు పలకరించడం చూసి బజారులో మేస్త్రికి మంచిపేరొచ్చింది.

మార్చి మొదట్లో ఒక రాత్రి నేను షట్టరు సగం దించాక దాని కింద వంగి ఎవరో లోపలికి వచ్చారు. మేస్త్రి. ఎప్పుడూ దూరం నుంచే వినబడే మనిషి, ఆరోజు చప్పుడు లేకుండా వచ్చాడు.

"నీతో ఒక మాట. ఎవురికీ చెప్పకూడదు."

"చెప్పు మేస్త్రన్నా."

అటూ ఇటూ చూశాడు. "ఒంటికి పోతే ఎర్రగా పడతాంది. నెత్తురేమో అని భయం. ఆడ గుంటూర్లో ఎవురినన్నా అడుగుదామంటే గుంపంతా ఎనకాలే ఉంటాది."

"మంట ఉందా?"

"లేదు."

"నొప్పి?"

"లేదు. ఒట్టి రంగే. చెమట గూడ బనీనుకు పసుప్పచ్చగా అంటుతాంది."

"ఎప్పటి నించి?"

"సంక్రాంతి కాడ్నించి."

షట్టరు మొత్తం దించేశాను. ఒంటిలోని నీళ్ళన్నిటికీ రంగేసే మందు నా అల్మారాలో ఒక్కటే ఉంది. దాన్ని అమ్మాలంటే డాక్టరు చీటీ ఉండాలి, కొన్నవాళ్ళ పేరు వేరే రిజిస్టరులో రాయాలి, 2014 నుంచి అది చట్టం. ఆ రిజిస్టరులో ఈయన పేరు లేదు.

"మాత్రలు ఎవరిస్తున్నారు మేస్త్రన్నా?"

ఆయన మాట్లాడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి బీడీ తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"వానికి ఉమ్మి తప్ప ఏమీ రాలే" అన్నాడు చివరికి. "ఆ యమ్మ ఏమో వదల్లే. నాకేమో జత పోతాదని ఆత్రం. నాకు ఒక్క దగ్గుకు అరడబ్బీ వస్తాది గదా. వాళ్ళ దొడ్లో నిలబడి నేనే ఊసి ఇచ్చినా. నాకేం రోగం, బీడీ దగ్గే గదా అనుకున్యా. లేదని రాసిస్తారు, వాడు బండెక్కుతాడు అనుకున్యా."

అంటే అతనికి ఉన్నది మొదటి నుంచీ పడిశమే. నేను చెప్పినట్టే వచ్చిన దారిన పోయింది, కొంచెం ఆలస్యంగా.

"మరి రిపోర్టు వచ్చినాక?"

"ఆ రాత్రే కూచుని మాట్లాడుకుంటిమి. వాడు నిజం చెప్తే నా బతుకు బజార్న పడతాది. అడ్వాన్సు మాఫీ చేసినా. మాత్రలకు దినానికి వంద ఇస్తాండా. అట్టలు లెక్కబెట్టి వెనక్కి ఇయ్యమంటాడు, అవీ ఇస్తాండా."

"సర్కారు ఊరికే ఇచ్చే మాత్రలు దినానికి వంద పెట్టి కొంటున్నావా?"

"సర్కారు వానికి ఇచ్చేది గాక" అన్నాడు మేస్త్రి కడుపుమంటగా, "నెలకు వెయ్యి వాని ఖాతాలో ఏస్తాంది."

"మరి ఎర్రగా పోతుందని అతను చెప్పలేదా?"

"నీకెట్ల తెలుసు?"

"ఆ మాత్రలు మింగితే అందరికీ పోతుంది. ఆశమ్మ ఇదే బల్ల కాడ అతనికి రెండుసార్లు చెప్పింది."

మేస్త్రి దవడ బిగుసుకుంది. ఒకటిన్నర నెల రాత్రులు చావు భయంతో పడుకున్న మనిషి, ఆ భయం ఖరీదు ఇప్పుడు లెక్కవేసుకుంటున్నట్టున్నాడు. "ఆ ఒక్క మాట చెప్పలే నాకొడుకు" అన్నాడు.

"బండిలో ఎంతమందిని ఎక్కించినావు సంక్రాంతికి?"

జవాబు లేదు. నేను మళ్ళీ అడగలేదు.

"రేపు పొద్దున ఆస్పత్రికి పో" అన్నాను. "నీ పేరు మీద రాయించుకో. పైసా ఖర్చు లేదు."

"నా పేరు మీద రాస్తే నా బండి ఎవుడెక్కుతాడు?"

ఈ మాట నేను డిసెంబరులో ఇంకొకరి నోట విన్నాను. అప్పుడు అది బండెక్కాల్సినవాడి బాధ.

"అయితే నీ కాడ కొనుక్కుంటా. పేరు లేకుండా ఇయ్యి. దినానికి నూటయాభై ఇస్తా."

"కుదరదు."

"ఏం కాదులే" అని లేచాడు. ఇంతసేపట్లో మొదటిసారి గొంతులో పాత ధీమా వచ్చింది. "వాని మాత్రలే మింగుతా. దినానికి 3, ఒక్క దినం మానలే. ఆ యమ్మ మెచ్చుకుండేది నన్నే గదా, వాణ్ణి కాదు గదా? ఆర్నెల్లు ఎట్లనో కళ్ళు మూసుకుంటే పోతాది."

నేను మూలనున్న బరువు మిషను కాలితో ముందుకు జరిపాను. "ఎక్కు."

"యాంటికి?"

"ఎక్కు మేస్త్రన్నా."

చెప్పులు విడిచి ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి 72 దగ్గర నిలబడింది.

"ఈ మాత్రలు మనిషి బరువు చూసి ఇస్తారు. అతను 46 కిలోలు, అతనికి 3. నీ బరువుకు 5 పడల్ల. దినానికి రెండు తక్కువ, సంక్రాంతి నించి. చాలీచాలని మందుకు ఆ పురుగు చావదు, మొండికేస్తుంది. ఆర్నెల్లు కాదు, ఏడాది మింగినా అతని తూకం మందు నీ రోగానికి సరిపోదు."

మేస్త్రి వంగి ముల్లు చూశాడు. దిగాడు. మిషనును సమంగా ఉన్న గచ్చు మీదికి జరుపుకున్నాడు. మొలలో ఉన్న డబ్బు సంచీ తీసి బల్ల మీద పెట్టి, ఊపిరి బిగబట్టి మళ్ళీ ఎక్కాడు.

"ఈ తూకం సరిగ్గా ఉందా?" అన్నాడు.